ఎగిరే యంత్రం చెప్పే పాఠం

రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానం మ్యూజియంలో నిలబడి ఉంటే, దాని రెక్కల పొడవు, ఇంజన్ శక్తి, తయారైన సంవత్సరం పక్కనున్న పలక మీద చదువుకోవచ్చు. అదే విమానం ఇంజన్ అంటుకుని, గుప్పుమని పొగ వదిలి, తోక ఎత్తి పరుగెత్తి గాలిలోకి లేచిందంటే పలక మీద రాయని సంగతులు బయటపడతాయి. పైలట్ ఎడమకు, కుడికి మెలికలు తిరుగుతూ ఎందుకు నడుపుతున్నాడు? ఇంజన్ మొదలుపెట్టే ముందు మెకానిక్కులు ప్రొపెల్లర్‌ను చేత్తో ఎందుకు తిప్పుతున్నారు? ఆ చెవులు చిల్లులుపడే మోత ఇంజన్‌దా, మరొకదానిదా? ఈ ప్రశ్నలన్నీ భౌతికశాస్త్రం ప్రశ్నలే.

అందుకే కొన్ని మ్యూజియాలు పాత విమానాలను ఎగరేసి చూపిస్తాయి, వాటి గురించి నిపుణుల చేత మాట్లాడిస్తాయి. బ్రిటన్‌లో ఓల్డ్ వార్డెన్ అనే ఊళ్లోని షటిల్‌వర్త్ సేకరణలో 1909 నాటి బ్లేరియో విమానం ఇప్పటికీ నేల విడిచి లేవగలదు. మన వైమానిక దళంలోనూ పాత విమానాలను ఎగిరే స్థితిలో ఉంచడానికి 1988లో ‘వింటేజ్ ఫ్లైట్’ అనే విభాగం ఏర్పడింది. టైగర్ మాత్, హార్వర్డ్, డకోటా దాని ప్రసిద్ధ విమానాలు. శ్రీనగర్‌లో 1947 అక్టోబర్ 27న సైనికులను దించిన డకోటా సంఖ్య వీపీ 905. ఆ సంఖ్యనే వేసుకుని, ‘పరశురామ’ అనే పేరుతో మరో డకోటా 2018లో బ్రిటన్ నుంచి భారతదేశానికి ఎగిరి వచ్చింది.

ఇలాంటి ప్రదర్శనను అర్థం చేసుకోవడానికి తెలుగు పాఠకుడు ఇంగ్లండ్ దాకా వెళ్లనక్కర్లేదు. తెలుగు కుటుంబాలు కొన్ని వందల ఏళ్ల కిందట వెళ్లి స్థిరపడిన కోయంబత్తూరు ప్రాంతం యుద్ధవిమానాల చరిత్రలో పెద్ద పేజీయే. పత్తి మిల్లుతో మొదలైన ఆ కథ విమానాల మరమ్మతు కేంద్రం దాకా నడిచింది.

నల్లరేగడి నుంచి లేత్ దాకా

విశ్వనాథ నాయకుడు మధుర పాలన చేపట్టినది 1529లో. విజయనగర రాజుల కాలంలో, మధుర నాయకుల కాలంలో దక్షిణానికి తరలిన తెలుగు రైతు కుటుంబాలు చాలావరకు నల్లరేగడి నేలలను వెతుక్కున్నాయి. మధురకు దక్షిణాన ఉన్న పత్తి మైదానాల్లోనూ, కోయంబత్తూరు చుట్టుపక్కల పీలమేడు, సూలూరు, కలంగల్ వంటి ఊళ్లలోనూ వాళ్ల వారసులు ఇప్పటికీ ఉన్నారు. బయట తమిళం, ఇంట్లో తెలుగు.

నల్లరేగడి పత్తినిచ్చింది. పత్తి మిల్లులను రప్పించింది. 1888లో స్టేన్స్ మిల్లు, 1910లో జి. కుప్పుస్వామి నాయుడు స్థాపించిన లక్ష్మీ మిల్లు వచ్చాయి. 1930ల మొదట్లో నీలగిరుల్లోని పైకారా జలవిద్యుత్తు అందాక మిల్లులు వరసగా వెలిశాయి. నూలు మిల్లు అంటే వేల కదుళ్లు రాత్రింబవళ్లు తిరిగే చోటు. బేరింగ్ అరుగుతుంది, గేరు పళ్లు విరుగుతాయి, రోలరు వంగుతుంది. ప్రతి భాగానికీ ఇంగ్లండుకు ఉత్తరం రాసి నెలల తరబడి ఎదురుచూడలేరు. అలా మిల్లుల చుట్టూ పోతపని షెడ్లు, లేత్‌లు, ఫిట్టర్లు పెరిగారు. మన దేశంలో తొలి విద్యుత్ మోటారు 1937లో ఈ ఊళ్లోనే తయారైందని చెబుతారు. ఆ పనిలో వినిపించే పేర్లు జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు.

1893లో కలంగల్‌లో పుట్టిన జి.డి. నాయుడు గురించి ఆ ప్రాంతంలో అందరూ చెప్పుకునే సంగతి ఒకటుంది. కుర్రవాడిగా ఉన్నప్పుడు ఒక తెల్లదొర రడ్జ్ మోటారుసైకిల్ నడపడం చూశాడు. హోటల్లో పనిచేసి డబ్బు కూడబెట్టి ఆ బండి కొన్నాడు. కొన్నాక దాన్ని పూర్తిగా విప్పేసి, మళ్లీ బిగించాడు. విప్పి బిగించడం ద్వారా వచ్చే జ్ఞానం వేరు. ఏ బోల్టు ఎంత బిగువు కోరుతుందో, ఏ గాస్కెట్ ఎక్కడ కారుతుందో పుస్తకం చెప్పలేదు, చేతులు చెబుతాయి. ఆయన తోడ్పాటుతో 1945లో మొదలైన ఆర్థర్ హోప్ ఇంజనీరింగ్ కళాశాలే ఇప్పటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల.

పీలమేడులో గరుడ

1942 ఏప్రిల్ తెలుగువాళ్లు మరచిపోలేని నెల. 6వ తేదీన జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. అంతకు ముందురోజు కొలంబో మీద దాడి జరిగింది. 9వ తేదీన సింహళం తూర్పు తీరాన బ్రిటిష్ విమానవాహక నౌక హెర్మీస్ మునిగిపోయింది. హిందూ మహాసముద్రంలో బ్రిటిష్ నౌకాదళానికి తీరానికి దూరంగా, రేవుకు రైలు దారి ఉన్న మరమ్మతు కేంద్రం కావలసి వచ్చింది.

కోయంబత్తూరుకు ఆ లక్షణాలు రెండూ ఉన్నాయి. పాలక్కాడు కనుమ గుండా రైలు కొచ్చిన్ రేవుకు వెళుతుంది. మూడోది వాతావరణం. పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉన్నందువల్ల కోయంబత్తూరులో ఏడాదికి 600, 700 మిల్లీమీటర్ల వాన పడితే, కొచ్చిన్‌లో దాదాపు 3,000 మిల్లీమీటర్లు కురుస్తుంది. నాలుగో సంగతి పటంలో కనిపించదు: లేత్ పని తెలిసిన చేతులు ఇక్కడ అప్పటికే ఉన్నాయి. 1942 అక్టోబర్‌లో పీలమేడులో ‘హెచ్.ఎం.ఎస్. గరుడ’ అనే నౌకాదళ విమాన కేంద్రం వెలిసింది. సముద్రం కనిపించని చోట నౌక పేరు పెట్టడం ఆ నౌకాదళం సంప్రదాయం. 1945లో సూలూరు స్థావరానికి ‘హెచ్.ఎం.ఎస్. వైరి’ అని పేరు పెట్టారు. రెండూ 1946లో మూతపడ్డాయి.

ఓడల మీద వచ్చిన విమానాలను సిద్ధం చేయడం, దెబ్బతిన్నవాటిని బాగుచేయడం, కావలసినప్పటిదాకా భద్రంగా ఉంచడం ఇక్కడి పని. తూర్పు సముద్రాల్లో బ్రిటిష్ నౌకలు వాడిన విమానాల్లో ముఖ్యమైనది అమెరికాలో తయారైన కోర్సెయిర్. దాని ఆకారం ఒక చక్కని ఇంజనీరింగ్ పాఠం. 18 సిలిండర్లు, 46 లీటర్ల ఘనపరిమాణం, 2,000 హార్స్‌పవర్ ఉన్న ఇంజన్ శక్తిని గాలికి అందించాలంటే పెద్ద ప్రొపెల్లర్ కావాలి. దాని వ్యాసం 4 మీటర్లు దాటింది. అది నేలకు తగలకుండా ఉండాలంటే విమానం ఎత్తుగా నిలబడాలి, చక్రాల కాళ్లు పొడవవ్వాలి. పొడవైన కాళ్లు నౌక మీద దిగే దెబ్బకు నిలవవు. రూపకర్తలు రెక్కనే కిందికి వంచి, ఆ వంపు అడుగున పొట్టి కాళ్లు బిగించారు. పైకి విచిత్రంగా కనిపించే ఆ రెక్క ఒక లెక్కకు జవాబు. బ్రిటిష్ నౌకల్లో విమానాలు దాచే అంతస్తు కప్పు తక్కువ ఎత్తులో ఉండేది. మడిచిన రెక్కలు అక్కడ పట్టడానికి ఒక్కో రెక్క కొసన 20 సెంటీమీటర్లు కోసేశారు. పొడవాటి ముక్కు నౌకను కనబడనిచ్చేది కాదు కాబట్టి పైలట్లు తిన్నగా కాక వంపు తిరుగుతూ దిగడం అలవాటు చేసుకున్నారు.

ఈ విమానాల ఒంట్లో ఎక్కువ భాగం డ్యురాల్యూమిన్. అల్యూమినియంలో కొద్దిగా రాగి, మెగ్నీషియం కలిపిన మిశ్రలోహమిది. వేడిచేసి నీళ్లలో ముంచి తీశాక గది వేడిమిలోనే రోజులు గడిచేకొద్దీ గట్టిపడుతుందని జర్మన్ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ విల్మ్ 20వ శతాబ్దం మొదట్లో కనిపెట్టాడు. లోహం లోపల రాగి పరమాణువులు గుంపులుగా చేరి, స్ఫటిక పొరలు ఒకదానిమీద ఒకటి జారకుండా అడ్డుపడటమే దానికి కారణం. అయితే బలమిచ్చిన రాగే తుప్పుకు దారి చూపిస్తుంది. ఉప్పు తేమ తగిలితే రాగి ఉన్న చోటికీ, లేని చోటికీ మధ్య చిన్నచిన్న విద్యుత్ ఘటాలు ఏర్పడి లోహం గుంటలు పడుతుంది. విమానాలను దాచడానికి పొడి గాలి ఎంత విలువైనదో దీన్నిబట్టి తెలుస్తుంది.

యుద్ధం అయిపోయాక, అమెరికా నుంచి అరువు ఒప్పందం కింద వచ్చిన విమానాలను తిరిగివ్వాలి లేదా వెల చెల్లించాలి. రెండూ కుదరక బ్రిటన్ అలాంటి విమానాలను వందల సంఖ్యలో సముద్రంలో పారేసింది. వాటితోపాటు వాటిని కూర్చిన, విప్పిన చేతుల అనుభవం కూడా నమోదు కాకుండానే చెదిరిపోయింది.

సూలూరు మాత్రం విమానాలను వదల్లేదు. స్వతంత్ర భారత నౌకాదళం తన తొలి జెట్ విమానాలను 1950ల చివర ఇక్కడే నడిపింది. 1961 సెప్టెంబర్‌లో ఐ.ఎన్.ఎస్. హంస ఇక్కడే ప్రారంభమై, 1964లో గోవాలోని దబోలింకు తరలింది. విక్రాంత్ నౌక మీది నుంచి 1971 యుద్ధంలో పోరాడిన సీహాక్ రకం విమానాన్ని దబోలిం నౌకాదళ విమాన మ్యూజియంలో చూడవచ్చు. నేడు సూలూరు తేజస్ యుద్ధవిమానాలకూ, సారంగ్ హెలికాప్టర్ల విన్యాస బృందానికీ నిలయం. 2024 ఆగస్టులో ‘తరంగ్ శక్తి’ బహుళదేశ విన్యాసాల తొలి దశ ఇక్కడే జరిగింది.

ప్రదర్శనలో ఏం చూడాలి, ఏం వినాలి

హార్వర్డ్ శిక్షణ విమానం మన ముందు నిలబడి ఉందనుకుందాం. దాని వాస్ప్ ఇంజన్‌లో 9 సిలిండర్లు ఒకే కేంద్రం చుట్టూ వలయంగా అమరి ఉంటాయి. ఘనపరిమాణం 22 లీటర్లు, శక్తి 600 హార్స్‌పవర్.

మొదట మెకానిక్కులు ప్రొపెల్లర్‌ను చేత్తో కొన్ని చుట్లు తిప్పుతారు. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు నూనె మెల్లగా జారి అడుగు సిలిండర్లలో చేరుతుంది. గాలిని పిస్టన్ నొక్కగలదు, నూనెను నొక్కలేదు. నూనె నిండిన సిలిండర్ మీద ఇంజన్‌ను బలవంతంగా తిప్పితే పిస్టన్ కడ్డీ వంగిపోతుంది. చేత్తో తిప్పితే ఆ అడ్డు ముందే తెలుస్తుంది. అప్పుడు అడుగు సిలిండర్ ప్లగ్గు విప్పి నూనె కార్చేస్తారు. ఇంజన్ అంటుకోగానే వచ్చే పొగ మిగిలిన ఆ నూనె కాలడం వల్లనే.

ఒక్కో వరుసలో సిలిండర్లు బేసి సంఖ్యలోనే ఎందుకుంటాయి? నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ రెండు చుట్లకు ఒకసారి మండుతుంది. 1, 3, 5, 7, 9 అని ఒకటి విడిచి ఒకటి మండుతూ పోతే, ఆ వెంటనే 2, 4, 6, 8 వంతు వస్తుంది. రెండు చుట్లలో తొమ్మిదీ సమాన వ్యవధిలో మండి, ఇంజన్ కుదుపు లేకుండా తిరుగుతుంది. సిలిండర్లు సరి సంఖ్యలో ఉంటే ఈ క్రమం తెగిపోతుంది.

తర్వాత విమానం కదులుతుంది. తోక నేలమీద, ముక్కు ఆకాశంవైపు. పైలట్‌కు ఎదురుగా ఇంజన్ తప్ప దారి కనిపించదు. అందుకే మెలికలు తిరుగుతూ పక్కల నుంచి చూసుకుంటూ నడుపుతాడు. పరుగు అందుకున్నాక తోక లేస్తుంది. ఆ క్షణంలో ముక్కు ఎడమకు లాగుతుంది. తిరుగుతున్న సైకిల్ చక్రం ఇరుసును రెండు చేతుల్తో పట్టుకుని వంచి చూస్తే అది మనం వంచిన దిశలో కాక, దానికి లంబంగా తిరగబోతుంది. తిరుగుతున్న ప్రొపెల్లర్‌దీ అదే గుణం. తోక నేలమీద ఉన్నంతసేపు మరో కారణం కూడా పనిచేస్తుంది: విమానం ఏటవాలుగా ఉండడంతో ప్రొపెల్లర్‌లో కిందికి దిగే రెక్క పైకి లేచే రెక్కకంటే ఎక్కువ గాలిని పట్టి, ముక్కును ఎడమకే నెడుతుంది. పైలట్ కుడి కాలితో చుక్కానిని తొక్కి సరిదిద్దుతాడు. చుక్కాని కదలికను గమనించే ప్రేక్షకుడికి ఈ బలాలన్నీ కళ్లకు కడతాయి.

ఇక ఆ మోత. హార్వర్డ్ ప్రొపెల్లర్ వ్యాసం 2.74 మీటర్లు. మధ్యలో గేర్లు లేవు కాబట్టి ఇంజన్‌తో పాటు అదీ నిమిషానికి 2,250 సార్లు తిరుగుతుంది. లెక్కగడితే ప్రొపెల్లర్ కొస వేగం సెకనుకు దాదాపు 323 మీటర్లు. విమానం ముందుకు పోయే వేగాన్ని కూడా కలిపితే ఇంకొంచెం పెరుగుతుంది. మామూలు వేడిమిలో గాలిలో శబ్దవేగం సెకనుకు 343 మీటర్లు. కొసలు శబ్దవేగానికి అంత దగ్గరగా పోతున్నాయి కాబట్టే గాలి నలిగి, కోసినట్టు అరుస్తుంది. చెవులు చిల్లులుపడే ఆ మోతలో ఎక్కువ భాగం ప్రొపెల్లర్ కొసలదే. దీన్ని ఎనిమిదో తరగతి పిల్లవాడు పలక మీద లెక్కగట్టి, ఆ సాయంత్రమే చెవులతో సరిచూసుకోవచ్చు.

ఊరి వాతావరణం కూడా పాఠంలో భాగమే. కోయంబత్తూరు సముద్రమట్టానికి 400 మీటర్ల ఎత్తున ఉంది. 20 డిగ్రీల చలికాలపు ఉదయం ఇక్కడి గాలి సాంద్రత సముద్రమట్టం దగ్గరి ప్రామాణిక విలువ కంటే సుమారు 6 శాతం తక్కువ. 35 డిగ్రీల మధ్యాహ్నం 11 శాతం తక్కువ. సాంద్రత తగ్గితే రెక్క ఎత్తే బలమూ, ఇంజన్ శక్తీ, ప్రొపెల్లర్ పట్టూ మూడూ తగ్గుతాయి. తేజస్‌కు ఇది చిన్న సంగతి. 130 హార్స్‌పవర్ ఇంజన్‌తో, చెక్క, ఉక్కు గొట్టాలు, గుడ్డతో కట్టిన టైగర్ మాత్‌కు ఇది పెద్ద సంగతి. గంటకు 70 కిలోమీటర్ల వేగం దగ్గర కూడా గాలిలో నిలవగల ఆ విమానాన్ని పాలక్కాడు కనుమ గుండా జూన్ నుంచి వీచే పడమటి గాలి పక్కకు నెట్టేయగలదు. ఇక్కడ దాన్ని ఎగరేయాలంటే చలికాలపు ఉదయం ఎంచుకోవాలి.

ఎగరేయాలా, దాచాలా

ఈ ప్రశ్నకు రెండువైపులా బలమైన వాదాలున్నాయి, రెంటినీ నిజాయితీగా వినాలి.

ఉక్కుకు ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దులోపు బరువు ఎన్నిసార్లు పడినా అది అలసిపోదు. అల్యూమినియం మిశ్రలోహాలకు అంత స్పష్టమైన హద్దు లేదు. ప్రతి కుదుపూ, ప్రతి మలుపూ లోహంలో కంటికి కనిపించని పగులును కొద్దికొద్దిగా పెంచుతూనే ఉంటుంది. అంటే ప్రతి ప్రదర్శనా విమానం ఆయుష్షులో కొంత ఖర్చు చేస్తుంది. ఎగిరే విమానంలో భాగాలు మార్చక తప్పదు, మార్చేకొద్దీ అసలుది తరిగిపోతుంది. బ్రిటన్‌లోని యోవిల్టన్ మ్యూజియంలో కేడీ 431 సంఖ్య గల కోర్సెయిర్ ఉంది. దాన్ని ఎగరేయకూడదని నిర్ణయించి, మీద పూసిన కొత్త రంగుల పొరలను ఓపికగా తీసి, అడుగున ఉన్న 1944 నాటి రంగును వెలికితీశారు. ఎగరని ఆ విమానం కర్మాగారంలో పనిచేసిన చేతుల గుర్తులను అలాగే దాచి ఉంచింది.

ప్రాణాల సంగతి అన్నిటికంటే పెద్దది. 2015లో ఇంగ్లండ్‌లోని షోరమ్‌లో పాత హంటర్ జెట్ రహదారి మీద కూలి 11 మంది చనిపోయారు. 2022 నవంబర్‌లో అమెరికాలోని డాలస్ ప్రదర్శనలో రెండు పాత యుద్ధవిమానాలు ఢీకొని ఆరుగురు మరణించారు. ప్రేక్షకులు ఎంత దూరాన ఉండాలి, విమానం ఎవరి నెత్తిమీదుగా పోకూడదు అన్న నియమాల వెనక ఇలాంటి మరణాలున్నాయి. వాటిలో ఏ ఒక్కదాన్నీ ఉత్సాహం కోసం సడలించకూడదు.

ఇంధనం మరో చిక్కు. ఈ ఇంజన్లు జెట్ ఇంధనంతో నడవవు. సిలిండర్‌లో మంట సమయానికి ముందే అంటుకోకుండా ఆపగల, ఆక్టేన్ సంఖ్య ఎక్కువున్న ప్రత్యేక విమాన పెట్రోలు కావాలి. ఇండియన్ ఆయిల్ సంస్థ 2022లో ఈ రకం పెట్రోలును మన దేశంలోనే తయారుచేయడం ప్రారంభించింది. అందులో ఇప్పటికీ కొంత సీసం ఉంటుంది కాబట్టి ఎంత తక్కువ కాల్చితే అంత మంచిది.

ఇంత చెప్పాక కూడా కొన్ని విమానాలు ఎగరాలనే నా అభిప్రాయం. యంత్రం నడుస్తున్నంత కాలమే దాన్ని నడిపే విద్య బతికి ఉంటుంది. మన టైగర్ మాత్ 2012 వైమానిక దళ దినోత్సవంలో మళ్లీ ఎగిరినా, పరశురామ మన దేశానికి వచ్చినా, వాటిని బాగుచేసింది బ్రిటన్ నిపుణులు. గుడ్డ బిగించి పూత పూయడం, మాగ్నెటో సరిచేయడం, కార్బురేటర్ సర్దడం అక్కడ ఒక తరం నుంచి మరో తరానికి అందుతున్నాయి. ఒకప్పుడు పీలమేడులో వందలాది యుద్ధవిమానాలు మరమ్మతుకు నోచుకున్నాయి. ఆ చేతివిద్య మనది కూడా అని చెప్పుకునే హక్కు మనకుంది, నిలబెట్టుకోవలసిన బాధ్యతా ఉంది.

దీనికి ముందు విమానం కొనక్కర్లేదు. ఒక పాత విమాన ఇంజన్‌ను ఉక్కు చట్రానికి బిగించి, నేలమీదే నడిపి చూపించవచ్చు. అలా చేస్తే రెక్కల లోహం అలసిపోదు, ఎవరి నెత్తిమీదా ఏదీ ఎగరదు. నూనె, పొగ, మండే క్రమం, ప్రొపెల్లర్ మోత అన్నీ మాత్రం కంచెకు ఇవతల నుంచి చూడొచ్చు, వినొచ్చు. 1962లో జి.కె. దేవరాజులు నూలు యంత్రాల కోసం స్థాపించిన లక్ష్మీ మెషిన్ వర్క్స్ ఇప్పుడు విమాన భాగాలు కూడా చేస్తోంది. ఇంజనీరింగ్ కళాశాలలు, పాలిటెక్నిక్కులు, పోతపని షెడ్లు ఉన్న కోయంబత్తూరులో అలాంటి ఇంజన్‌ను విప్పి బిగించగల యువకులకు కొదవ లేదు. పక్కనే వైమానిక స్థావరం ఉంది. ఏడాదికొకసారి వింటేజ్ ఫ్లైట్ సూలూరుకు వస్తే, ఇంజన్‌ను తమ చేతుల్తో విప్పిన విద్యార్థులే తమిళంలో, తెలుగులో జనానికి వివరిస్తే, ఆ ప్రదర్శన వేడుకగా మొదలై చదువుగా ముగుస్తుంది.

ఇవి చంపడానికి తయారైన యంత్రాలన్న మాట కూడా ఆ వివరణలో దాచకుండా చెప్పాలి. కాకినాడ, విశాఖల మీద బాంబులు పడిన రోజు చెప్పకుండా కోర్సెయిర్ రెక్క వంపు గురించి చెప్పడం సగం చరిత్రే. ఆ విమానాలను ఏ భయం పుట్టించిందో, ఏ తెలివి తీర్చిదిద్దిందో, ఏ చేతులు బాగుచేశాయో మూడూ కలిపి వినిపించాలి. అలా విన్న విద్యార్థి యుద్ధాన్ని ఆరాధించడు, యంత్రాన్ని చిన్నచూపూ చూడడు. రెంటినీ ప్రశ్నించడం నేర్చుకుంటాడు. జనవిజ్ఞానం కోరేది అదే.